భుజం మీద తెల్లగుడ్డ

నా కుట్టుమిషను కొట్టుకి ఎదురుగానే టీకొట్టు. మధ్యలో సత్తెనపల్లి వెళ్ళే రోడ్డు తప్ప ఇంకే అడ్డూ లేదు. అక్కడ ఎవరు ఏం మాట్లాడుకున్నా నాకు వినపడుతుంది. వినకూడదనుకుంటే మిషను తొక్కాలి. ఈ మూడు నెలల్లో సూదిలో దారం లేకుండానే మిషను తొక్కిన రోజులున్నాయి.

వాళ్ళు మాట్లాడేది ఒకటే. వాడికి బెయిల్ వస్తుందా, రాదా.

వాడంటే మినీ లారీ తోలేవాడు. పొలాల నుంచి మిరపకాయల బస్తాలు మా ఊరి కోల్డ్ స్టోరేజీకి చేరవేసేవాడు. నెమ్మదైన మనిషని పేరు. టీ తాగి గ్లాసు తనే కడిగి పెట్టేవాడని టీకొట్టాయన ఇప్పటికీ చెబుతాడు. మిరపకోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక పొద్దున, పెళ్ళాం స్నానాలగదిలో జారిపడిందని వాడు వీధిలోకి వచ్చి కేకలు పెట్టాడు. ఆసుపత్రిలో డాక్టరు తలకి దెబ్బేదని వెతికితే కనపడలేదు. గొంతు మీద వేళ్ళ గుర్తులు కనపడ్డాయి. సాయంత్రానికి వాణ్ణి జీపెక్కించారు.

ఆ మర్నాటి నుంచే మొదలైంది. ఆమెని పూడ్చిపెట్టి, చర్చి పక్కన షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు లోపల కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, షామియానా బయట మగాళ్ళు ఎన్నాళ్ళకి బయటికొస్తాడో చెప్పుకుంటున్నారు. టీకొట్టులో ఈ విషయానికి పెద్దదిక్కు ఒక ప్లీడరు గుమాస్తా. సత్తెనపల్లిలో పని చేసి సాయంత్రం బస్సు దిగుతాడు. దిగగానే చుట్టూ మూగుతారు. మొదటిసారి బెయిల్ కొట్టేశారన్న రోజున ఆయన, ఇప్పుడు కొట్టేస్తే అయిపోయినట్టు కాదని, రెండోసారి వేస్తారని, పాయింటు దొరకాలి అంతేనని చాలా ఓపిగ్గా చెప్పాడు. వాన పడుతుందా లేదా అని అడిగినట్టు అడిగేవాళ్ళు. ఇద్దరు బిర్యానీ పందెం కాశారు.

అది విని నేను కత్తెర బల్ల మీద పెట్టి రోడ్డు దాటాను. ఆ బిర్యానీ మీ గొంతు దిగుద్దా అని అడిగాను. మాటవరసకి అన్నాంలేమ్మా అన్నారు. మర్నాటి నుంచి కాస్త గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు, అంతే.

నాకు ఒళ్ళు మండేది పందేనికి కాదు. అంతమంది, అన్ని రోజులు, అంతసేపు మాట్లాడారు. ఆ మనిషి ఎలా ఉండేదో ఒక్కడి నోట ఒక్క ముక్క రాలేదు. అసలు అలాంటి మనిషి ఈ రోడ్డు మీద నడిచినట్టే లేదు. అందుకని నేను చెబుతున్నాను.

ఆమె మొదటిసారి నా కొట్టుకి జాకెట్టు కుట్టించుకోవడానికి రాలేదు. మొగుడి పాత చొక్కా పట్టుకుని వచ్చింది. మా దగ్గర మిరప పనికి వెళ్ళే ఆడవాళ్ళంతా చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుంటారు. మోచేతులకి కారం అంటకుండా, దుమ్ము మీద పడకుండా ఉంటుందని. అందుకని చిరుగు ఉందేమోనని తిప్పి చూశాను. ఎక్కడా లేదు.

"ఈ ఎడమ భుజం మీద తెల్లగుడ్డ ముక్క వెయ్యక్కా. మెత్తటిది. గట్టిగా కుట్టమాక, ఊడదీసి విడిగా ఉతుక్కోవాలి," అంది.

ఎందుకని అడిగితే కళ్ళు తుడవడానికంది. ఎవరి కళ్ళు అంటే, ఎవరికి మండితే వాళ్ళవంది.

"మరి నీయి మండితేనో?"

"నా భుజం నాకెట్టా అందుద్దక్కా," అని నవ్వింది. నవ్వితే పైపెదవి ఒక పక్కకి లేచేది. అరచెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు లేదు. చేతులు మొహానికి దూరంగా ఉంచుకోవడం అప్పటికే ఒంటికి పట్టేసింది.

ఆ తెల్లగుడ్డ సంగతి తెలియాలంటే వాళ్ళ పని తెలియాలి. కోల్డ్ స్టోరేజీ పక్కన పెద్ద రేకుల షెడ్డు. అందులో ఎర్రగా గుట్టలు పోసిన ఎండుమిరపకాయల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తారు. ఘాటుకి ముక్కూ కళ్ళూ కారుతూనే ఉంటాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకీ కారం. తెలియక ఆ చెయ్యి కంట్లో పెట్టుకుంటే ఇక ఆ పూట పని లేదు, గంటసేపు కేకలే. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్కసారైనా పెట్టుకుంటారు. ఆమె మటుకు తన భుజం మీద గుడ్డ వేసుకుని అందరి మధ్యా కూర్చునేది. ఎవరికి కళ్ళు మండినా వచ్చి ఆ భుజానికి మొహం ఆనించి తుడుచుకుని పోయేవాళ్ళు.

నాకూ ఆ భుజం తెలుసు. ఒకసారి కుట్టిన చొక్కాలు ఇవ్వడానికి షెడ్డుకి వెళ్ళి, ఈ ఏడు కాయ రంగు బాగుందే అని గుప్పెడు పట్టుకుని చూశాను. వెంటనే తుమ్ములు, ఆ వెనక కళ్ళ నీళ్ళు. నా చెయ్యి కంటిదాకా వెళ్ళింది. ఆమె కూర్చున్నచోటి నుంచి లేచి మోచేత్తో నా మణికట్టుని ఆపేసింది.

"చెయ్యి దించు. కళ్ళు ఇటు పెట్టు," అంది.

పెట్టాను. షెడ్డంతా కారం కొడుతుంటే ఆ ఒక్క జానెడు గుడ్డ దగ్గర సబ్బు వాసన వచ్చింది. నేను తుడుచుకున్నంతసేపూ కదలకుండా వంగి నిలబడింది. తర్వాత, మా షెడ్డులో ఎవరు ఏడుస్తున్నారో దేవుడిక్కూడా తెలవదక్కా, పొద్దుటి నించి అందరం ఏడుస్తానే ఉంటాం అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంకొక అలవాటు చెప్పాలి. ఎవరు తుమ్మినా 'చిరంజీవ' అనేది. చంటిపిల్లలు తుమ్మితే పెద్దవాళ్ళు అంటారు చూడండి, అలాగ. మిరప షెడ్డులో ఆ పని పెట్టుకుంటే ఇక వేరే పని చేయక్కర్లేదు. అయినా మానలేదు. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయేది. ఆదివారం చర్చిలో ఎవరో తుమ్మితే ప్రసంగం మధ్యలో గట్టిగా అనేసి నాలిక కరుచుకుందని ఊరంతా చెప్పుకున్నారు.

టీకొట్టుకి వస్తే గ్లాసుని వేళ్ళతో పట్టుకునేది కాదు. రెండు మణికట్ల మధ్య ఇరికించి ఎత్తుకుని తాగేది. తన తర్వాత ఆ గ్లాసులో తాగేవాడి మూతి మండకూడదని. వాడు గ్లాసు కడిగి పెట్టిన సంగతి జ్ఞాపకం ఉన్న టీకొట్టాయనకి ఇది జ్ఞాపకం లేదు. నేనే గుర్తు చేస్తే, అవునమ్మోయ్ అన్నాడు.

పని దిగాక చేతులు కడుక్కోవడం ఆమెకి ఒక పెద్ద తతంగం. ముందు పొడి మట్టితో రుద్దుకునేది, తర్వాత ఆముదం, ఆపైన సబ్బు. అప్పుడు ఒక్కొక్క వేలూ కింది పెదవికి ఆనించి చూసుకునేది. చురుక్కుమంటే మళ్ళీ మొదటికి. కూతురు బడి నుంచి నేరుగా నా కొట్టుకి వచ్చి అమ్మ కోసం కూర్చునేది. వేళ్ళన్నీ పెదవి దగ్గర పాసయ్యేదాకా ఆ పిల్లని ముట్టుకునేది కాదు. అయ్యాక మటుకు, "ఇప్పుడు నా చేతులు నాయి" అని పిల్ల రెండు చెంపలూ పట్టుకుని నొక్కేది. పిల్ల పెద్దదై పదో తరగతికి వచ్చింది, సిగ్గుపడి వదిలించుకునేది. ఆమె వదిలేది కాదు.

అలాంటి మనిషి నిరుడు ఒక సోమవారం ఎడమకన్ను మూసుకుపోయి వచ్చింది. కంటి చుట్టూ నీలం. నేను అడగకముందే చెప్పింది, మిరపకాయ చెయ్యి తగిలిందక్కా అని. షెడ్డులోనూ అదే చెప్పింది. టీకొట్టాయన గబగబా చల్లటి పాలు తెచ్చి కంట్లో పోయించాడు. క్రిస్మస్ వెళ్ళాక మళ్ళీ అదే కన్ను, మళ్ళీ అదే మాట, మళ్ళీ పాలు. అయ్యో అన్నారు అందరూ. మిరప ఊళ్ళో ఆ మాట ఎవరు చెప్పినా నమ్ముతారు. ఇంకెక్కడన్నా అయితే, గుమ్మం తగిలిందనో మెట్టు తగిలిందనో చెబితే ఎవరైనా ఒకసారి మొహంలోకి చూసేవాళ్ళేమో. ఇక్కడ చూడరు. కంట్లో కారం పడటం మాకు జలుబు చేసినంత మామూలు.

ఆమె పోయిన వారానికి ముఠా మేస్త్రమ్మ నా కొట్టుకి వచ్చింది. ఆ షెడ్డులో ఆడవాళ్ళందరినీ పనికి తీసుకెళ్ళే పెద్దమనిషి ఆవిడ. కోపం వస్తే షెడ్డు రేకులు అదిరేటట్టు తిడుతుంది. ఆ రోజు చప్పుడు లేకుండా వచ్చి గుడ్డపేలికల మధ్య నేల మీద కూలబడింది.

"ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుంది. ఒక్కనాడు చెయ్యి మొహం మీదికి పోనియ్యలేదు. ఎవరి చెయ్యి పోతన్నా తనే ఆపేది. అట్టాంటిది కంట్లో కారం పెట్టుకున్నానంటే ఎట్టా నమ్మామే మనం?" అంది.

ఆ తెల్లగుడ్డలు కుట్టింది నేనే. ఆ వేళ్ళు పెదవికి ఆనించుకోవడం రోజూ చూసిన కళ్ళు నావే. షెడ్డు నిండా ఉన్న ఆడవాళ్ళు, పాలు పోసిన టీకొట్టాయన, కంటిచుక్కలు ఇచ్చిన మందులకొట్టువాళ్ళు, ఇంతమందిమి ఉండి, ఆమె విషయంలో ఆ మాట నిజం అయ్యుండదని ఒక్కరికీ తట్టలేదు.

మేస్త్రమ్మ ఊరుకునే మనిషి కాదు. మర్నాడే పోలీసుల దగ్గరికి వెళ్ళి అంతా చెప్పొస్తానని బయల్దేరింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పటికి మొహం నల్లగా మాడిపోయి ఉంది. వాడు కొట్టడం చూశావా అన్నారట. లేదంది. నీతో చెప్పుకుందా అన్నారట. లేదంది. మరి ఏమని చెప్పింది అన్నారట. మిరప చెయ్యి తగిలిందని చెప్పిందయ్యా, అది అబద్ధం అంది.

"చెప్పిన మాట రాసుకున్నారు. అబద్ధమన్నది రాసుకోలేదు," అంది మేస్త్రమ్మ.

గుడ్డ సంగతి చెప్పలేదా అని అడిగాను. చెప్పానే, విన్నారు, అంతే అంది.

ఇక మిగిలింది ఆ పిల్ల. ఆ పొద్దున ఇంట్లో ఉన్నది పిల్ల ఒక్కతే. చూసింది చూసినట్టు పోలీసులకి చెప్పింది. తల్లిని పూడ్చిపెట్టాక అమ్మమ్మ ఇంట్లో ఉండి పరీక్షలు రాసింది. అమ్మమ్మ ఇల్లు అదే వీధిలో, వాడి ఇంటికి నాలుగిళ్ళ అవతల. వాడి తరపు పెద్దమనుషులు పరామర్శ పేరుతో రెండు మూడుసార్లు వచ్చారు. తల్లి ఎటూ పోయింది, తండ్రినన్నా మిగుల్చుకో అన్నారట పిల్లతో. చిన్నదానివి, కంగారులో సరిగ్గా చూసి ఉండవు, ఆ మాటే చెబితే పోయేదానికి అన్నారట. పిల్ల లోపలికి పోయి తలుపు వేసుకుంది.

టీకొట్టులో బెయిల్ అంటే కాలక్షేపం. ఆ ఇంట్లో అది కాదు. అమ్మమ్మ నా కొట్టుకి వచ్చి రోడ్డు అవతలి మాటలు వింటూ నిలబడేది. ఆవిడకి కోర్టులు తెలియవు. అడిగేది ఒక్కటే. వాడొస్తే నాలుగిళ్ళ అవతలికే కదమ్మా వచ్చేది, పిల్లనెక్కడ దాచను అని. రాదులే పిన్నీ అనేదాన్ని. గుమాస్తా మాట వినపడకుండా మిషను తొక్కేదాన్ని.

రోహిణీ కార్తె ఎండల్లో వచ్చింది బెయిలు.

గుమాస్తా బస్సు దిగుతూనే చెప్పాడు. వాడి వకీలు మంచి పాయింటు పట్టాడన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క కంప్లైంటు లేదు, వాపులు పని వల్ల వచ్చినవేనని ఆవిడే పదిమందితో చెప్పింది, చెప్పిందని షెడ్డువాళ్ళే ఒప్పుకున్నారు, అదీ పాయింటు. పిల్లమాట ఒక్కటే మిగిలింది, అది విచారణలో తేలుతుంది. వారం వారం స్టేషనులో సంతకం పెట్టాలి, సాక్షుల జోలికి పోకూడదు. శనివారం సాయంత్రానికి ఇంటికొస్తాడు.

మొగుడి పరువు కాపాడటానికి మండే కన్నుతో ఆమె ఆడిన అబద్ధం, ఆమె గొంతు నులిమినవాడికి జామీను నిలబడింది. ఆమె నోటి మాట పట్టుకునే వాడు బయటికొస్తున్నాడు. ఇంతకన్నా ఘోరం ఉంటుందా అనుకున్నాను. ఉంది. టీకొట్టు దగ్గర మోటారు సైకిలు ఆగింది. పార్సిలు దింపారు. పందెం ఓడినవాడు తెప్పించిన బిర్యానీ. తిన్నారు కూడా. నేను షట్టరు దించేసి లోపల చీకట్లో కూర్చున్నాను.

పిల్లని పొదిలిలో తన చెల్లెలి దగ్గర పెడతానని అమ్మమ్మ చెప్పింది. తనూ అక్కడే ఉంటుంది. మెట్టపొలాల్లో కూలికి పోతుంది. వాడు తన ఇంటికి వస్తున్నాడు కాబట్టి వీళ్ళు తమ ఇల్లు వదిలి పోతున్నారు. ఇదెక్కడి న్యాయమని అడగడానికి కూడా నాకు మనిషి కనపడలేదు.

శనివారం పొద్దున ఇద్దరూ సంచులతో నా కొట్టు ముందు ఆగారు. బస్సుకి ఇంకా టైముంది. పిల్ల లోపలికి వచ్చింది. ఏడుపు మొహమేమీ లేదు. ఉతికి ఇస్త్రీ చేసిన నీలం చుడీదారు వేసుకుంది.

"పెద్దమ్మా, తెల్లగుడ్డ ముక్క ఉందా?" అంది.

తీశాను. ఎడమ భుజం నా వైపు తిప్పింది.

"గట్టిగా కుట్టమాక," అంది.

పిల్లే సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. ఒంటి మీద ఉండగానే నాలుగు వైపులా వదులుగా టాకాలు వేశాను. ఒంటి మీద గుడ్డ కుడితే ఏదో అవుతుందంటారు, నాకా రోజు అవేవీ పట్టలేదు. కుట్టడం అయ్యాక షెడ్డుకి వెళ్ళొస్తానంది. అమ్మమ్మని కొట్టులో కూర్చోబెట్టి నేనూ వెంట వెళ్ళాను.

సీజను చివర కాబట్టి గుట్టలు చిన్నవైపోయాయి. కానీ ఎండకి ఘాటు రెట్టింపు లేస్తోంది. ఆడవాళ్ళు పిల్లని చూసి చేతుల్లో పని ఆపేశారు. పిల్ల మొదటి వరసలో కూర్చున్నామె దగ్గరికి వెళ్ళి వంగి భుజం దించింది.

"కళ్ళు ఇటు పెట్టత్తా," అంది.

ఆమె ఒకసారి నా వైపు చూసి, మొహం ఆనించి తుడుచుకుంది. తర్వాత పక్కనున్నామె. తర్వాత ఇంకొకామె. పిల్ల వరసలన్నీ తిరుగుతోంది. ఎవరో తుమ్మితే "చిరంజీవ" అంది. షెడ్డంతా ఒక్కసారిగా ఏడ్చింది. అందరి చేతులకీ కారమే. ఒకరి మొహం ఒకరు తుడవలేరు.

చివర్లో మేస్త్రమ్మ ఉంది. గోడవైపు తిరిగి కూర్చుంది. పిల్ల వెళ్ళి ముందు మోకాళ్ళ మీద కూర్చుని భుజం పెట్టింది. మేస్త్రమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇది ఘాటు కాదమ్మా," అంది.

"తెలుసు మామ్మా," అంది పిల్ల. "మా అమ్మది కూడా ఘాటు కాదు."